మొదటి ప్రోగ్రాం ఏ భాషలో రాయిద్దాం?

ఏటా ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన పిల్లలు వేల సంఖ్యలో కంప్యూటర్ సైన్స్ సీటు తీసుకుంటున్నారు. రెండేళ్లు లెక్కలు చదివారు. ఫిజిక్స్ చదివారు, కెమిస్ట్రీ చదివారు. ఎంట్రన్స్ పరీక్ష కూడా వాటిమీదే రాశారు. కానీ వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఒక్క ప్రోగ్రాం కూడా రాసి ఉండరు. సీబీఎస్‌ఈ బళ్లలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న కొద్దిమంది సంగతి వేరు. మిగతావాళ్లకి ప్రోగ్రాం అనేది మొదటిసారి ఎదురయ్యేది బీటెక్ ఫస్టియర్ క్లాసులోనో, డిగ్రీ ఫస్టియర్ ల్యాబ్‌లోనో.

ఆ మొదటి పరిచయం ఏ లాంగ్వేజ్‌లో జరగాలి? సి లోనా? జావాలోనా? పైథాన్‌లోనా? ఈ రోజు మీతో మాట్లాడదామనుకున్నది ఈ ఒక్క విషయమే.

ఇది లెక్చరర్లు తేల్చుకోవాల్సిన సంగతి, మనకెందుకులే అనుకోకండి. మొదటి సెమిస్టర్‌లో 'ఇది నా వల్ల కాదు' అనుకున్న పిల్లలు ఆ భయాన్ని నాలుగేళ్లూ మోస్తారు. అది ఇంట్లోవాళ్లకి కూడా తెలుస్తుంది. అందుకే తల్లిదండ్రులు కూడా వినాలని కోరుకుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి సెమిస్టర్‌లో పైథాన్ పెట్టండి. రెండో సెమిస్టర్‌లో సి పెట్టండి. ఎందుకు అలా అంటున్నానో ఒక చిన్న ఇంటి లెక్కతో వివరిస్తాను.

మన ఇళ్లలో పాల లెక్క ఉంటుంది కదా. గోడమీది క్యాలెండర్‌లో తేదీ పక్కన అర, ఒకటి, ఒకటిన్నర అని రాసుకుంటాం. పాలబ్బాయి రాని రోజున సున్నా చుడతాం. నెలాఖరున అన్నీ కూడి, లీటరు ధరతో గుణించి డబ్బులిస్తాం.

ఈ లెక్కని కంప్యూటర్‌కి అప్పజెబుదాం. రోజుకి ఒక అంకె చొప్పున ఇస్తూ పోతాం. ఇక అయిపోయాయి అని చెప్పడానికి మైనస్ ఒకటి ఇస్తాం. కంప్యూటర్ మనకి రెండు సంగతులు చెప్పాలి. నెలంతా కలిపి ఎన్ని లీటర్లు వచ్చాయి? పాలు వచ్చిన రోజుల్లో సగటున రోజుకి ఎన్ని లీటర్లు?

వినడానికి చిన్న లెక్కే. కానీ కాస్త దగ్గరగా చూడండి. కూడుతూ పోవాలంటే, ఇప్పటిదాకా అయిన మొత్తం ఎక్కడో ఒకచోట గుర్తుండాలి. ఆ మొత్తం సున్నాతో మొదలవ్వాలి. మైనస్ ఒకటి రాగానే ఆగాలి. ఆ మైనస్ ఒకటిని కూడికలో కలపకూడదు. కలిపితే లెక్కలో ఒక లీటరు తగ్గిపోతుంది. సగటు తీసేటప్పుడు సున్నా రోజుల్ని వదిలెయ్యాలి. మరి నెలంతా పాలబ్బాయి ఊళ్లోనే లేడనుకోండి. పాలు వచ్చిన రోజులు సున్నా. సున్నాతో భాగించమంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, లేదా అర్థంలేని జవాబు ఇస్తుంది. ఆ సంగతి ముందే ఊహించి జాగ్రత్తపడాలి.

ఇదీ ప్రోగ్రామింగ్ అంటే. గుర్తుపెట్టుకోవడం, మళ్లీ మళ్లీ చెయ్యడం, ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడం, రాకూడని పరిస్థితిని ముందే ఊహించడం. ఇవి ఏ లాంగ్వేజ్‌లోనైనా కష్టమే. ఇవే నేర్చుకోవాలి కూడా.

దీనికి తోబుట్టువు లాంటి లెక్కని 1980లలో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే అనే ఆచార్యుడు విద్యార్థులకి ఇచ్చి చూశారు. ఆయనది వాన లెక్క. రోజువారీ వర్షపాతం ఇస్తూ పోవాలి. 99999 అని ఇవ్వగానే ఆగి, సగటు చెప్పాలి. ప్రోగ్రామింగ్ కోర్సు చదివినవాళ్లు కూడా చాలామంది దాన్ని సరిగ్గా రాయలేకపోయారు. ఆ తర్వాత ఎంతోమంది పరిశోధకులు అదే వాన లెక్కని కొత్త కొత్త తరగతుల్లో ఇచ్చి పరీక్షించారు. ప్రోగ్రామింగ్ బోధన గురించి పరిశోధించేవాళ్లలో ఆ లెక్క తెలియనివాళ్లు అరుదు.

అంటే అసలు విషయమే కష్టం. అలాంటప్పుడు లాంగ్వేజ్ దానికి తోడు ఇంకో కష్టం తెచ్చిపెట్టకూడదు. నా వాదనంతా ఇంతే.

మరి ఏ లాంగ్వేజ్ ఎంత కష్టం తెస్తుందో కొలిచేదెలా? దానికి నా దగ్గర ఒక తేలికైన కొలత ఉంది. క్లాసులో లెక్చరర్ 'అది తర్వాత చెప్తాను, ఇప్పటికి రాసుకోండి' అని ఎన్నిసార్లు అనాల్సి వస్తుందో లెక్కపెట్టండి. మళ్లీ చెప్తున్నాను. 'అది తర్వాత చెప్తాను' అనే మాట ఎన్నిసార్లు వస్తే, ఆ లాంగ్వేజ్ మొదటి క్లాసుకి అంత బరువు.

సి లాంగ్వేజ్‌తో మొదలుపెడదాం. బోర్డుమీద మొదటి లైను. హ్యాష్, ఇంక్లూడ్, ఎస్ టీ డీ ఐ ఓ డాట్ హెచ్. ఇదేంటి మేడమ్? అది తర్వాత చెప్తాను. దాన్ని 'స్టూడియో' అని రాసి ఎర్రర్ తెచ్చుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. స్టాండర్డ్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ అనే మాటలకి అది పొట్టి రూపమని ఎవరూ చెప్పకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? రెండో లైను. ఇంట్ మెయిన్. ఇంట్ ఎందుకు? తర్వాత చెప్తాను. చివర్లో రిటర్న్ జీరో. ఎవరికి రిటర్న్? తర్వాత చెప్తాను. మధ్యలో పాల లీటర్లు చదవడానికి స్కాన్‌ఎఫ్. అందులో పర్సెంట్ ఎఫ్. పేరుకి ముందు అండ్ గుర్తు. ప్రింట్ చేసేటప్పుడు లేని అండ్ గుర్తు చదివేటప్పుడు ఎందుకొచ్చింది? దానికి జవాబు మెమరీ అడ్రస్. అది చెప్పాలంటే పాయింటర్లు చెప్పాలి. పాయింటర్లు సెమిస్టర్ చివర్లో గాని రావు.

ఆ అండ్ గుర్తు మర్చిపోతే ఏమవుతుంది? ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ పాతదైతే నోరు మెదపదు. ప్రోగ్రాం నడుస్తుంది. నడిచి ఏదో చెత్త విలువ చూపిస్తుంది, లేకపోతే మధ్యలో చచ్చిపోతుంది. తప్పు ఎక్కడుందో తెలియదు. ఆలోచన సరిగ్గానే ఉన్న పిల్లలకి కూడా, తమ ఆలోచనే తప్పేమో అనిపిస్తుంది. నన్ను బాధపెట్టేది ఇదే.

ఇంకోటి చూడండి. పాల లీటర్లకి పూర్ణసంఖ్య చాలులే అనుకుని, పర్సెంట్ డీ పెట్టి రాశారనుకోండి. ఒకటి, రెండు ఇచ్చినంతసేపూ బాగానే ఉంటుంది. ఒక రోజు అర లీటరు. సున్నా పాయింట్ అయిదు అని టైప్ చేశారు. స్కాన్‌ఎఫ్ ఆ సున్నాని మాత్రం తీసుకుంటుంది. మిగిలిన పాయింట్ అయిదు అక్కడే ఉండిపోతుంది. మళ్లీ చదవబోతే ఆ చుక్క అడ్డం. అంకె కాదు కాబట్టి తీసుకోదు, దాటి ముందుకీ పోదు. ప్రోగ్రాం ఆ చుక్క దగ్గరే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. స్క్రీన్ నిండా లైన్లు పరుగెడుతుంటాయి. ఆపడం ఎలాగో కూడా తెలియదు. ఇది చాలా ల్యాబుల్లో కనిపించే దృశ్యమే.

జావా సంగతి చూద్దాం. పెద్ద పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ దాంట్లో రాశారు. గట్టి లాంగ్వేజ్. కానీ మొదటి రోజు? పబ్లిక్ క్లాస్. పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్. బ్రాకెట్లో స్ట్రింగ్ ఆర్గ్స్. సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌లైన్. ఒక్క నమస్కారం స్క్రీన్ మీద కనిపించడానికి ఇన్ని మాటలు. ప్రతిదానికీ 'తర్వాత చెప్తాను' తప్పదు. ఈ ఇబ్బంది జావా తయారుచేసేవాళ్లకి కూడా తెలుసు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ క్లాస్, ఆ పబ్లిక్ స్టాటిక్ ఏమీ లేకుండానే చిన్న ప్రోగ్రాం రాసుకునే వీలు కల్పించారు. జావా వచ్చింది 1995లో. మొదటి మెట్టు తగ్గించడానికి అన్నేళ్లు పట్టింది.

ఇక పైథాన్. మొదటి రోజు ఒకటే లైను. ప్రింట్ అని రాసి, బ్రాకెట్లలో, కోట్స్ మధ్య మీ పేరు రాయండి. రన్ చెయ్యండి. పేరు కనిపిస్తుంది. ఆ లైనులో ఉన్న ప్రతి ముక్కనీ అదే రోజు, అదే క్లాసులో చెప్పేయొచ్చు. రెండో వారానికల్లా పాల లెక్కలోకి దిగొచ్చు.

అలాగని పైథాన్‌లో చిక్కులే లేవని చెప్పను. ఒకటి తప్పకుండా ఎదురవుతుంది. పొద్దున ఎన్ని లీటర్లు అని అడిగారు. ఒకటి అన్నారు. సాయంత్రం ఎన్ని అని అడిగారు. ఒకటి అన్నారు. రెండూ కూడమన్నారు. పైథాన్ పదకొండు అంటుంది. అవును, రెండు కాదు, పదకొండు. ఎందుకంటే కీబోర్డు నుంచి వచ్చేదాన్ని పైథాన్ అంకెగా తీసుకోదు. అక్షరంగా తీసుకుంటుంది. రెండు అక్షరాల్ని పక్కపక్కన పెడితే ఒకటి ఒకటి, పదకొండు. దీన్ని అంకెగా మార్చు అని మనం విడిగా చెప్పాలి.

ఇది కూడా ఒక గుంతే. కానీ తేడా గమనించండి. ఈ తప్పు కంటికి కనిపిస్తుంది. చిన్నపిల్లలకి కూడా చెప్పి ఒప్పించొచ్చు. పైగా డేటా టైప్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. అర లీటరు సంగతి కూడా అంతే. పూర్ణసంఖ్యగా మార్చమని చెప్పి సున్నా పాయింట్ అయిదు ఇస్తే, పైథాన్ గిరగిరా తిరగదు. ఆగుతుంది. ఏ లైనులో ఆగిందో చెప్తుంది. దీన్ని పూర్ణసంఖ్యగా మార్చలేనని, మీరిచ్చిన సున్నా పాయింట్ అయిదుని చూపించి మరీ చెప్తుంది. ఎర్రర్ మెసేజీలోని ఆ చివరి లైను చదివించడం లెక్చరర్ పిల్లలకి చేసే మొదటి మేలు. ఎర్రర్ రాగానే విండో మూసేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ అలవాటు మాన్పించాలి.

మొదటి లాంగ్వేజ్ తేలిగ్గా ఉండాలన్నది ఈనాటి ఆలోచన కాదండీ. అరవై ఏళ్లు దాటింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో డార్ట్‌మత్ కాలేజీ ఉంది. అక్కడ జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు ఉండేవారు. వాళ్ల కాలేజీలో ఎక్కువమంది పిల్లలు సైన్స్ చదివేవాళ్లు కారు. సాహిత్యం, చరిత్ర, సమాజ శాస్త్రాలు చదివేవాళ్లు. రేపు పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకునేది వీళ్లే, వీళ్లకి కంప్యూటర్ తెలియకపోతే ఎలా అని ఆ ఇద్దరికీ అనిపించింది. అప్పట్లో ఉన్న ఫోర్‌ట్రాన్ లాంటి భాషలు ఆ పిల్లలకి కొరుకుడు పడేవి కావు. అందుకని కొత్త భాషే తయారుచేశారు. అదే బేసిక్. 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగు గంటలకి అది మొదటిసారి నడిచింది. కంప్యూటర్‌లోకి వెళ్లడానికి పిల్లలు హలో అని టైప్ చేసేవాళ్లు. బయటికి రావడానికి గుడ్‌బై అని టైప్ చేసేవాళ్లు. ఎంత ఆలోచించారో చూడండి! తొలిసారి టెలిటైప్ ముందు కూర్చునే చరిత్ర విద్యార్థికి ఏ మాట సహజంగా ఉంటుందో అదే పెట్టారు. కెమెనీ, కర్ట్జ్ పేర్లు మన కాలేజీల్లో ఎక్కువగా వినపడవు. వినపడాలి.

ఆ తర్వాత 1970లో స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ విర్త్ పాస్కల్ తెచ్చారు. అది కూడా బోధన కోసమే. అమెరికాలోని ఎంఐటీలో 1980లలో స్కీమ్ అనే భాషతో మొదలుపెట్టారు, 2000ల చివర్లో దాన్ని పక్కనపెట్టి పైథాన్‌కి వచ్చారు. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో 1984 నుంచి పాస్కల్. తర్వాత 1999 నుంచి సి ప్లస్ ప్లస్. మరి నాలుగైదేళ్లకే జావా. 2014లో ఒక పరిశీలన జరిగింది. అమెరికాలో పేరున్న 39 కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో 27 విభాగాలు తొలి కోర్సుల్లో పైథాన్ చెప్తున్నాయని తేలింది. మన దేశంలో సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో ఒకప్పుడు సి ప్లస్ ప్లస్ ఉండేది. ఇప్పుడు పైథాన్ ఉంది.

పైథాన్ పుట్టుకలో కూడా బోధన ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఏబీసీ అనే భాష తయారుచేశారు. ఆ జట్టులో గైడో వాన్ రోసమ్ అనే యువకుడు పనిచేశాడు. 1989 క్రిస్మస్ సెలవుల్లో అతను సొంతంగా ఇంకో భాష మొదలుపెట్టాడు. అదే పైథాన్. లైన్లని లోపలికి జరిపి రాయడంతోనే ఏది దేనికి సంబంధించిందో చెప్పే పద్ధతి ఏబీసీ నుంచి వచ్చిందే.

సరే, అభ్యంతరాల దగ్గరికి వద్దాం. పైథాన్‌తో మొదలుపెట్టమని నేను అన్నప్పుడల్లా వినిపించే మొదటి అభ్యంతరం, సి రాకపోతే పునాది ఉండదు కదా అని. ఇందులో నిజం ఉంది. కంప్యూటర్ మెమరీ ఎలా పనిచేస్తుందో సి చూపించినట్టు పైథాన్ చూపించదు. ఆపరేటింగ్ సిస్టమ్ అర్థం కావాలన్నా, చిన్న చిప్‌ల కోసం రాయాలన్నా సి కావాలి. సి వద్దని నేను అనడం లేదు. రెండో సెమిస్టర్‌లో అంటున్నాను. అప్పటికి పిల్లలకి లూప్ అంటే తెలుసు, కండిషన్ అంటే తెలుసు, ఫంక్షన్ అంటే తెలుసు. తెలియనిది మెమరీ ఒక్కటే. దాని మీద మనసు పెట్టగలరు. పైథాన్‌లో రాసిన పాల లెక్కని సి లో మళ్లీ రాయమంటే, ఇక్కడ ఈ అండ్ గుర్తు ఎందుకు అని వాళ్లే అడుగుతారు. వాళ్లు అడిగాక చెప్పిన జవాబు నిలబడుతుంది.

మీ కాలేజీలో సి తోనే మొదలుపెట్టక తప్పదా? అలాగే కానివ్వండి. కానీ టర్బో సి అనే పాత కంపైలర్ మాత్రం వద్దు. మళ్లీ చెప్తున్నాను, టర్బో సి వద్దు. దాని నీలం స్క్రీన్ 1980ల చివరిదీ, 1990ల మొదటిదీ. ఇప్పటి 64 బిట్ విండోస్ మీద అది నేరుగా నడవను కూడా నడవదు. డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం లోపల దాన్ని బతికించి నడుపుతున్నారు. పిల్లలకి దాంట్లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం ఇస్తారు. ఏడు ఫ్యాక్టోరియల్ 5040. సరిగ్గా వస్తుంది. ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40320 రావాలి. టర్బో సి లో ఇంట్ అని పెట్టుకుంటే మైనస్ 25216 వస్తుంది. ఎందుకంటే అందులో ఇంట్‌కి పదహారు బిట్లే. 32767 దాటిన అంకె పట్టదు. పిల్లలు తమ ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటారు. వాళ్ల ప్రోగ్రాంలో తప్పు లేదు. జీసీసీ అనే కంపైలర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ల్యాబ్‌లో పెట్టడానికి ఒక్క పూట చాలు.

రెండో అభ్యంతరం ఉద్యోగాలు. కంపెనీలు జావా అడుగుతున్నాయి, మా అబ్బాయికి మొదటినుంచీ జావా చెప్పండి అనే తల్లిదండ్రులు ఉన్నారు. అమ్మా, అయ్యా, క్యాంపస్ ఇంటర్వ్యూలు జరిగేది చివరి సంవత్సరం దగ్గర్లో. మొదటి సెమిస్టర్ నుంచి అక్కడికి మూడేళ్లు. ఒక లాంగ్వేజ్‌లో సొంతంగా ఆలోచించి రాయడం వచ్చినవాళ్లకి రెండోది కొద్ది నెలల పని. మొదటిదే బట్టీపట్టినవాళ్లకి రెండోది కూడా బట్టీయే అవుతుంది.

ఎలక్ట్రానిక్స్ పిల్లల సంగతి వేరు. వాళ్లకి సి మొదటి భాషగా పెట్టినా నేను కాదనను. ఒక్క షరతు. వాళ్ల చేతికి బోర్డు ఇవ్వాలి. ఆర్డుయినో లాంటి చిన్న బోర్డు మీద ఎల్‌ఈడీ బల్బు వెలిగి ఆరుతుంటే, రాసిన ప్రతి లైనుకీ కళ్లముందే ఫలితం కనిపిస్తుంది. అది చాలా బలమైన బోధన.

ఇంకో మాట. లెక్చరర్‌కి సి బాగా వచ్చు, పైథాన్ అంతంతమాత్రమే అనుకుందాం. అలాంటప్పుడు సిలబస్ మార్చేసి స్లైడ్లు చదివించడం కన్నా, ఆ లెక్చరర్ ప్రేమగా చెప్పే సి మేలు. లాంగ్వేజ్ మార్చే ముందు చెప్పేవాళ్లకి ఒక వేసవి టైమివ్వాలి. ఆ శిక్షణకి, దానికయ్యే ఖర్చుకి యాజమాన్యాలు సిద్ధపడాలి.

ఇప్పుడు ల్యాబ్ దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018లో నమూనా సిలబస్ ఇచ్చింది. అందులో ఫస్టియర్ పేపరు పేరు 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లం సాల్వింగ్'. పేరులో లాంగ్వేజ్ లేదు. సమస్యని పరిష్కరించడం ఉంది. కానీ ల్యాబ్‌లో జరిగేదేమిటి? అబ్జర్వేషన్ బుక్‌లో ప్రోగ్రాం ఎక్కిస్తారు. దాన్నే రికార్డులో మళ్లీ రాస్తారు. ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్ పెన్సిల్‌తో రాస్తారు. నడపని ప్రోగ్రాంకి కూడా అవుట్‌పుట్ రాస్తారు. సంతకం పడుతుంది. ఇలా రాయిస్తే పైథాన్ అయినా ఒకటే, సి అయినా ఒకటే.

2004లో ఏడు దేశాల విద్యార్థులతో ఒక అధ్యయనం జరిగింది. రేమండ్ లిస్టర్ తదితరులు చేశారు. పిల్లలకి చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలు ఇచ్చి, ఇది నడిస్తే ఏ విలువ వస్తుందో చెప్పమన్నారు. రాయమనలేదు. చదివి చెప్పమన్నారు, అంతే. చాలామంది తడబడ్డారు. అంటే రాయడానికి ముందు చదవడమే రాలేదన్నమాట.

అందుకని క్లాసులో పాల లెక్కతో ఈ పని చేయించండి. బోర్డుమీద మూడు గళ్లు గియ్యండి. ఒకటి లీటర్లు, ఒకటి మొత్తం, ఒకటి రోజులు. ఒక అమ్మాయి చేతికి సుద్దముక్క ఇవ్వండి. ఇంకొకరు ప్రోగ్రాంని లైను లైనుగా గట్టిగా చదవాలి. లైను చదవగానే ఆ అమ్మాయి పాత విలువ చెరిపి కొత్త విలువ రాయాలి. అర వచ్చింది. మొత్తం అర. రోజులు ఒకటి. ఒకటి వచ్చింది. మొత్తం ఒకటిన్నర. రోజులు రెండు. సున్నా వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి? ఇక్కడ క్లాసు రెండుగా చీలుతుంది. రోజులు మూడు అని సగంమంది అంటారు, వద్దు అని సగంమంది అంటారు. ఆ వాదన పదినిమిషాలు సాగనివ్వండి. ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ కోర్సులో కూడా పైథాన్ కన్నా ముందు ఒక పేపరు పెట్టారు. అందులో మార్కుల కార్డులు, షాపింగ్ బిల్లుల లాంటి కార్డులు పెట్టుకుని, వాటిని ఒక్కొక్కటీ తీసి చూస్తూ లెక్క చేసే పద్ధతి నేర్పుతారు. మంచి ఆలోచన. మన కాలేజీల్లో దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల కోసం ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ప్రోగ్రామింగ్‌కి ఇంగ్లీషు బాగా రావాలేమో అని వాళ్లు భయపడతారు. పైథాన్‌కి సొంతమైన కీవర్డులు 35. సి పాత ప్రామాణికంలో 32. ఇఫ్, ఎల్స్, వైల్ లాంటి చిన్న చిన్న మాటలే. మిగతా పేర్లలో చాలావరకు మనం పెట్టుకునేవే. మొత్తాన్ని 'మొత్తం' అనే పిలవొచ్చు. పైథాన్ 3లో ఆ పేరుని తెలుగు లిపిలోనే రాయొచ్చు. లీటర్లు, మొత్తం, రోజులు అని తెలుగు అక్షరాల్లో పేర్లు పెట్టి ప్రోగ్రాం నడపొచ్చు. నడుస్తుంది. ల్యాబ్ కీబోర్డుల్లో తెలుగు టైప్ చెయ్యడం ఇబ్బందైతే, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాట రాసుకోండి. ఉద్యోగంలో చేరాక అక్కడి పద్ధతి అక్కడ పాటిద్దురు గాని. నేర్చుకునే రోజుల్లో పేరు చూడగానే అర్థం తట్టాలి. కష్టమయ్యేది ఎర్రర్ మెసేజీల ఇంగ్లీషు. తరచూ వచ్చే పదిపన్నెండు ఎర్రర్లకి తెలుగులో అర్థం రాసి ల్యాబ్ గోడకి అంటించండి.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో సిలబస్ నిర్ణయించేది బోర్డ్ ఆఫ్ స్టడీస్. ఆ సభ్యులు ఎవరైనా వింటుంటే ఒక విన్నపం. వచ్చే సమావేశంలో ఏ లాంగ్వేజ్ గొప్పదనే చర్చ పెట్టకండి. పాల లెక్కని మూడు లాంగ్వేజీల్లో రాసి బల్లమీద పెట్టండి. ఒక్కో లైనూ చూస్తూ, దీన్ని మొదటి నెలలోపు పిల్లలకి పూర్తిగా వివరించగలమా అని అడగండి. వివరించలేని లైన్ల పక్కన గీత పెట్టండి. గీతలు లెక్కపెట్టండి. పరీక్ష సంగతి కూడా అప్పుడే తేల్చండి. కాగితం మీద ప్రోగ్రాం మొత్తం రాయమనే ప్రశ్న తగ్గించండి. రెండు తప్పులున్న ప్రోగ్రాం ఇచ్చి, ఆ తప్పులు పట్టుకుని కారణం రాయమనండి. బట్టీపట్టి దానికి జవాబు రాయలేరు.

ఈ ఏడాది కాలేజీలో చేరబోయే పిల్లలకీ, వాళ్ల తల్లిదండ్రులకీ చివరిగా ఒక మాట. ముందే ఫీజు కట్టి కోచింగ్‌లో చేరనక్కర్లేదు. ఖరీదైన ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, పాత కంప్యూటర్ ఏదైనా చాలు. పైథాన్ ఉచితం. పైథాన్ డాట్ ఆర్గ్ అనే సైటులో దొరుకుతుంది. దాంతోపాటే ఐడిల్ అనే చిన్న ఎడిటర్ వస్తుంది, వేరే ఏమీ వెయ్యనక్కర్లేదు. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో పైథాన్ నడిపే యాప్‌లు ఉన్నాయి. మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకోండి. యూనిట్లకి ఏ శ్లాబులో ఎంత ధరో తెలుసుకోండి. యూనిట్లు ఇస్తే బిల్లు ఎంతో చెప్పే ప్రోగ్రాం రాయడానికి ప్రయత్నించండి. వచ్చిన జవాబుని మీటరు రీడర్ ఇచ్చిన కాగితంతో పోల్చి చూడండి. శ్లాబు మారే చోట మీ లెక్కకీ ఆ బిల్లుకీ తేడా వస్తే, క్లాసులు మొదలయ్యే రోజుకి లెక్చరర్‌ని అడగడానికి మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది.